రుద్రమ: ఒక స్త్రీనామం – నిర్మాణం, అర్థం, చారిత్రక ప్రయోగం

వ్యాససంగ్రహం

కాకతీయ చక్రవర్తిని రుద్రమదేవిని గురించి చరిత్రకారులు విస్తృతంగా రాశారు. ఆమె పేరును గురించిన చర్చ మాత్రం సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. ‘రుద్రమ’ అనే స్త్రీనామం ఏ ప్రకృతి నుంచి, ఏ ప్రత్యయంతో ఏర్పడింది, దాని సంస్కృత సమానార్థకాలకూ దానికీ భేదమేమిటి, శాసనాల్లో ‘రుద్రమదేవి’, ‘రుద్రదేవ మహారాజు’ అనే రెండు రూపాలు ఏయే సందర్భాల్లో నిలిచాయి, తరువాతి కాలం ఆ పేరును ఎలా చదివింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పేరు నిర్మాణాన్ని సరిగా గ్రహించకపోవడానికీ, పాలకురాలైన కుమార్తెను భార్యగా పొరబడడానికీ సంబంధం ఉండవచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రుద్రమ, కాకతీయులు, స్త్రీనామాలు, నామవిజ్ఞానం, శాసనభాష, మహద్వాచకం, అత్వసంధి.

1. ఉపోద్ఘాతం

వ్యక్తినామం చరిత్ర రచనకు ఆధారమైనంత తరచుగా పరిశోధనకు విషయం కాదు. శాసనంలో పేరు కనిపించగానే అది ఎవరిది, ఏ వంశానిది, ఏ కాలానిది అనే ప్రశ్నలకు పరిశోధకుడు వెళ్తాడు. ఆ పేరు ఎలా తయారైందన్న ప్రశ్న భాషాశాస్త్రజ్ఞులకు వదిలివేస్తాడు. అయితే కొన్ని పేర్ల విషయంలో ఈ విభజన చెల్లదు. పేరు నిర్మాణమే చారిత్రక సాక్ష్యమయ్యే సందర్భాలుంటాయి. ‘రుద్రమ’ అటువంటి పేరు.

గణపతిదేవుని తరువాత 1262 ప్రాంతం నుంచి 1289 వరకు ఓరుగల్లు రాజధానిగా పరిపాలించిన ఈమె శాసనాల్లో ఎక్కువగా పురుషనామంతో కనిపిస్తుంది. లోకవ్యవహారంలో స్త్రీనామంతో నిలిచింది. అర్వాచీన గ్రంథాల్లో తండ్రికి భార్యగా మారింది. ఆధునిక కాలంలో ‘రాణి రుద్రమదేవి’ అయింది. ఈ నాలుగు దశల్లోనూ మారినది పేరు చివరి భాగమో, పేరు ముందు చేరిన మాటో మాత్రమే. ‘రుద్ర’ అన్న ప్రకృతి చెక్కుచెదరలేదు. కనుక ఈ మార్పులను వరుసగా చూస్తే, ఒక స్త్రీ అధికారాన్ని ఆయా కాలాలు ఏ మాటల్లో అంగీకరించాయో తెలుస్తుంది.

2. ‘రుద్ర’ ప్రకృతి

‘రుద్ర’ వైదిక దేవతానామం. ఏడ్చు, అరచు అనే అర్థాలున్న ‘రుద్’ ధాతువు నుంచి ఈ పదం వచ్చిందని బ్రాహ్మణ గ్రంథాలూ నిరుక్తమూ వివరిస్తాయి. పుట్టగానే రోదించినవాడు కనుక రుద్రుడనీ, శత్రువులను రోదింపజేసేవాడు కనుక రుద్రుడనీ రెండు విధాల నిర్వచనం ఉంది. దుఃఖాన్ని పారదోలేవాడని శైవసంప్రదాయం మరొక అర్థం చెప్పుకుంది. ఉగ్రత్వం, శుభంకరత్వం రెండూ ఒకే పేరులో ఇమిడి ఉండటం ఈ దేవతానామానికున్న ప్రత్యేకత.

కాకతీయ వంశంలో ఈ ప్రకృతి రుద్రమతో మొదలైనది కాదు. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం ద్వారా ప్రసిద్ధుడైన మొదటి రుద్రదేవుడు గణపతిదేవునికి పెదతండ్రి. గణపతిదేవుని తండ్రి పేరు మహాదేవుడు. రుద్రమ దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు. ఆ విధంగా రుద్రశబ్దం ఈ వంశంలో మూడుసార్లు సింహాసనమెక్కింది. రుద్రమ నామకరణాన్ని ఈ పరంపరలో భాగంగానే చూడాలి. అది కేవలం శివభక్తిని తెలిపే పేరుగా ఆగక, స్వతంత్ర కాకతీయ రాజ్యాన్ని స్థాపించిన పూర్వజుని పేరును కూడా మోస్తున్నది.

3. రుద్రాణి, రుద్రమ: రెండు వ్యాకరణాలు

‘రుద్ర’ శబ్దానికి సంస్కృతంలో ప్రసిద్ధమైన స్త్రీరూపం ‘రుద్రాణి’. ఇంద్ర, వరుణ, భవ, శర్వ, రుద్ర, మృడ మొదలైన శబ్దాలకు స్త్రీత్వంలో ‘ఆన్’ ఆగమం వస్తుందని అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఇంద్రాణి, వరుణాని, భవాని, శర్వాణి, రుద్రాణి, మృడాని అనే రూపాలు ఇలా సిద్ధించినవే. దేవతానామాల విషయంలో ఈ స్త్రీరూపానికి ఆధారం పురుషునితో గల సంబంధం. అంటే రుద్రాణి రుద్రుని భార్య. ఈ సూత్రానికి సంబంధించి వ్యాకర్తలు చూపిన ‘ఆచార్యాని’, ‘ఆచార్యా’ అనే జంట ఇక్కడ గమనించదగినది. మొదటిది ఆచార్యుని భార్య. రెండవది స్వయంగా బోధించే స్త్రీ. స్వయంగా ఒక స్థానాన్ని పొందిన స్త్రీకీ, భర్త ద్వారా ఆ స్థానాన్ని పొందిన స్త్రీకీ మధ్య భేదాన్ని సంస్కృత వ్యాకరణం స్పష్టంగా గుర్తించింది.

తెలుగు స్త్రీనామాలకు ఈ చిక్కు లేదు. ‘రుద్ర’కు ‘అమ్మ’ చేరితే రుద్రమ్మ. దీనికి రుద్రుని భార్య అనే అర్థం రాదు. ‘రుద్ర’ అనే పేరుగల స్త్రీ అన్నదే దీని అర్థం. రామయ్య–రామమ్మ, వెంకయ్య–వెంకమ్మ, సుబ్బయ్య–సుబ్బమ్మ, మల్లయ్య–మల్లమ్మ, నాగయ్య–నాగమ్మ వంటి జంటలు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. వెంకమ్మ వేంకటేశ్వరుని భార్య అని ఎవరూ అనుకోరు. తిరిగి చూస్తే, దేవి పేరుకు ‘అయ్య’ చేర్చి లక్ష్మయ్య, సీతయ్య అని మగవారికి పేర్లు పెట్టినప్పుడు కూడా భర్త అనే అర్థం రాదు. దేవతానామం ఇద్దరికీ ఉమ్మడి సొత్తు. అయ్య, అన్న, అమ్మ, అక్క అనే బంధువాచకాలే లింగాన్ని నిర్ణయిస్తాయి.

ఈ విషయం చిన్నదిగా తోచవచ్చు. కాని ‘రుద్రమ’ అనే పేరులోని స్త్రీత్వం ఏ పురుషుని ద్వారానూ వచ్చినది కాదని నిర్ధారించేది ఇదే. పేరు విషయంలో ఆమె మొదటి రుద్రదేవునితో సమాన ప్రకృతి గలది. భేదమల్లా చివరి బంధువాచకంలోనే ఉంది.

4. రుద్రమ, రుద్రమ్మ, రుద్రాంబ, రుద్రమాంబ

ఈ పేరుకు నాలుగు రూపాలున్నాయి. వీటి నిర్మాణభేదాలను వేరువేరుగా గుర్తించాలి.

రుద్ర + అమ్మ అన్నప్పుడు తెలుగు అత్వసంధి ప్రకారం పూర్వపదం చివరి అకారం లోపించి ‘రుద్రమ్మ’ అవుతుంది. అదే ప్రకృతికి సంస్కృత ‘అంబా’ శబ్దం చేరితే సవర్ణదీర్ఘసంధి జరిగి ‘రుద్రాంబ’ అవుతుంది. కలిసినవి రెండుచోట్లా అకారాలే. తెలుగు ఒక అకారాన్ని విడిచింది, సంస్కృతం రెంటినీ కలిపి దీర్ఘం చేసింది. ‘మ్మ’కు ముందున్న అచ్చు హ్రస్వమా దీర్ఘమా అన్నదాన్ని బట్టి పేరు ఏ భాషా మర్యాదను అనుసరించిందో చెప్పవచ్చు. సంస్కృత శాసనాల్లో అంబాంత రూపాలు, తెలుగు శాసనాల్లో అమాంత రూపాలు ఎక్కువగా ఎదురవడానికి కారణం ఇదే. వ్యక్తి ఒకరే అయినా, శాసనభాష మారినప్పుడు పేరు చివర మారుతుంది.

‘రుద్రమ్మ’ నుంచి ‘రుద్రమ’ ఏర్పడటంలో ద్విత్వం ఏకత్వమైంది. ఇదే మార్పు పురుషనామాల్లోనూ జరిగింది. తిక్క + అన్న ‘తిక్కన్న’ అయి, అది ‘తిక్కన’గా నిలిచింది. కేతన, మారన, తిమ్మన మొదలైనవి అటువంటివే. అన్న ‘అన’ అయినట్లే అమ్మ ‘అమ’ అయింది. కనుక 13వ శతాబ్దపు పేర్లలో చివరి ‘న’ మగవారినీ, చివరి ‘మ’ ఆడవారినీ సూచించే జంట ప్రత్యయాల వలె పనిచేశాయని చెప్పవచ్చు. బంధువాచకం తన పూర్వార్థాన్ని కొంత కోల్పోయి ప్రత్యయంగా మారే దశ ఇది. అందుకే ‘రుద్రమ’ను విన్నప్పుడు ‘అమ్మ’ అన్న పదం చెవికి వెంటనే తట్టదు.

ఈ మరపు నుంచే నాలుగవ రూపం పుట్టింది. ‘రుద్రమ’లో అమ్మ ఉన్న సంగతి మరుగున పడగా, గౌరవార్థం మళ్లీ ‘అంబ’ చేరి ‘రుద్రమాంబ’ అయింది. ఇందులో తల్లి రెండుసార్లు ఉంది, ఒకసారి తెలుగులో, ఒకసారి సంస్కృతంలో. ముప్పమాంబ, తరిగొండ వెంగమాంబ అనే పేర్ల నిర్మాణం కూడా ఇదే.

‘అమ్మ’ అనే ధ్వనిసముదాయం ఎక్కడ కనిపించినా స్త్రీనామమే అని భావించరాదు. వేంగి చాళుక్యుల్లో అమ్మరాజు అనే పేరుతో ఇద్దరు రాజులున్నారు. వారిలో రెండవవాడు 10వ శతాబ్ది మధ్యభాగంలో పాలించాడు. అతని కలుచుంబర్రు శాసనంలో కనిపించే చామెకాంబ స్త్రీ. పేరు మొదట ఉన్న ‘అమ్మ’ ప్రకృతి, పేరు చివర ఉన్న ‘అమ్మ’ లింగసూచకం. స్థానాన్ని బట్టి ఒకే మాట రెండు పనులు చేసింది.

5. కాకతీయ వంశంలో స్త్రీల పేర్లు

కాకతీయ వంశవృక్షాన్ని పేర్ల దృష్టితో చూస్తే ఒక విశేషం గోచరిస్తుంది. తొలితరం పురుషుల పేర్లు గుండ, బేత, ప్రోల అనే దేశీయ నామాలు. రెండవ ప్రోలరాజు కుమారుల తరం నుంచి రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు అనే శైవ సంస్కృత నామాలు వచ్చాయి. సామంతస్థితి నుంచి స్వతంత్ర ప్రభుత్వానికి ఎదిగిన కాలంలోనే ఈ మార్పు కూడా జరిగింది.

స్త్రీల పేర్లలో ఈ మార్పు అంత త్వరగా రాలేదు. రెండవ ప్రోలుని భార్య ముప్పమ. గణపతిదేవుని తల్లి బయ్యమ. సోదరీమణులు మైలమ, కుందమ. బయ్యారం చెరువు శాసనం వేయించిన మైలమ తన పుట్టినింటి వంశక్రమాన్ని అందులో చెప్పించింది. కాకతీయుల పూర్వచరిత్రకు ఆ శాసనం నేటికీ ముఖ్యాధారం. అన్నదమ్ములు సంస్కృత నామాలు ధరించిన తరంలో కూడా అక్కచెల్లెళ్ల పేర్లు దేశీయంగా ఉన్నాయన్నది ఇక్కడ గమనించవలసిన అంశం.

గణపతిదేవుని కుమార్తెల దగ్గర ఈ స్థితి మారింది. కోట వంశపు బేతరాజును వివాహమాడి, భర్త మరణానంతరం యనమదల శాసనం వేయించిన గణపాంబ పేరు తండ్రి పేరు నుంచే ఏర్పడింది. గణపతి ‘గణప’ అయి, దానికి అంబ చేరింది. మరొక కుమార్తె రుద్రమ పేరు పెద్దతాత పేరు నుంచి ఏర్పడింది. రాజుల పేర్లుగా ఉన్న సంస్కృత ప్రకృతులు ఇంటి ఆడపిల్లలకు మొదటిసారిగా దక్కినది ఈ తరంలో అని, పైన పేర్కొన్న పేర్ల వరకు చెప్పవచ్చు. ప్రకృతి పురుషుల పరంపరలోనిది. ప్రత్యయం ముప్పమ, మైలమల పరంపరలోనిది. ‘రుద్రమ’ అనే మూడక్షరాల్లో ఈ రెండు వారసత్వాలూ కలిశాయి.

రుద్రమ కుమార్తె, ప్రతాపరుద్రుని తల్లి అయిన ముమ్మడమ్మ పేరు కూడా ఈ సూత్రాన్ని బలపరుస్తుంది. ‘ముమ్మడి’ స్త్రీపురుషులిద్దరికీ ప్రకృతిగా చెల్లిన మాట. రుద్రమ మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనాన్ని వేయించిన పువ్వుల ముమ్మడి పురుషుడు. ఒకే ప్రకృతి, అమ్మ చేరినచోట రాచకుమార్తె పేరు, చేరనిచోట ఒక భటుని పేరు.

‘అమ్మ’తోపాటు ఆ కాలంలో ‘సాని’ కూడా గౌరవప్రత్యయంగా ఉంది. తొలి కాకతీయుల ఉన్నతికి తోడ్పడిన విరియాల కామసానిని గూడూరు శాసనం కీర్తించింది. ‘స్వామిని’ శబ్దభవంగా చెప్పే ‘సాని’ తరువాతి కాలంలో అర్థాపకర్షకు గురై, ఉన్నత కుటుంబాల పేర్ల నుంచి తొలగిపోయింది. అమ్మ మాత్రం నిలిచింది. సాని యజమానురాలిని చెబుతుంది, అమ్మ బంధువును చెబుతుంది. స్త్రీకి యాజమాన్యాన్ని అంటగట్టిన మాట నీచార్థంలోకి దిగి, బంధుత్వాన్ని అంటగట్టిన మాట గౌరవంలో మిగలడం స్త్రీనామాల చరిత్రలో ప్రత్యేక పరిశీలనకు అర్హమైన విషయం.

6. శాసనాల్లో రెండు పేర్లు

పాలకురాలిగా ఈమె పేరు శాసనాల్లో అధికభాగం ‘రుద్రదేవ మహారాజు’. అందువల్ల కాకతీయ శాసనాల్లో ‘రుద్రదేవ’ నామం ముగ్గురికి చెల్లుతుంది. 1158–1195 మధ్య పాలించిన మొదటి రుద్రదేవుడు, గణపతిదేవుని కుమార్తె, ఆమె దౌహిత్రుడైన ప్రతాపరుద్రుడు. చివరివాడు అమ్మమ్మ జీవించి ఉన్న కాలంలో ‘కుమార రుద్రదేవుడు’గా పేర్కొనబడటం గమనార్హం. ‘కుమార’ అన్న విశేషణం అవసరమైందంటే, విశేషణం లేని ‘రుద్రదేవ’ నామం అప్పటికి రుద్రమదే అన్నమాట. ఆ పేరు ఆమెకు అలంకారమాత్రం కాదు, వారసుడు తనను వేరు చేసుకోవలసినంత స్థిరమైన రాజనామం.

ఈ పురుషనామం స్త్రీత్వాన్ని దాచడానికేనా? మల్కాపురం శాసనం ఈ ప్రశ్నకు సమాధానమిస్తుంది. నేటి గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలోని ఈ శాసనం 1261 నాటిది. జయంతి రామయ్య పంతులుగారు దీనిని పరిష్కరించి ప్రకటించారు. గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు వాగ్దానం చేసిన మందడం గ్రామాన్ని, వెలగపూడితోపాటు రుద్రమ దానం చేసినట్లు ఇందులో ఉంది. విద్యార్థులకు, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు చేసిన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఈ సంస్కృత శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగా స్పష్టంగా చెబుతుంది. రాజగురువుకు ఇచ్చిన, శిలపై చెక్కించి బహిరంగంగా నిలిపిన దానశాసనంలో దాచిపెట్టవలసిన రహస్యం ఉండదు. ఆమె స్త్రీ అని పాలన తొలినాళ్లలోనే అందరికీ తెలుసు. తెలిసి కూడా ‘రుద్రదేవ మహారాజు’ అన్నారు.

ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో ఇందుకు కారణం సూచించాడు. గణపతిదేవుడు కుమార్తెను పుత్రునిగా భావించి ‘రుద్ర’ అనే పేరు పెట్టాడన్నది ఆ కథనంలోని సారం. కుమారులు లేని తండ్రి కుమార్తెను పుత్రస్థానంలో నిలిపి, ఆమె సంతానం ద్వారా వంశాన్ని కొనసాగించే పుత్రికాధర్మం ధర్మశాస్త్రాలకు తెలిసినదే. నామకరణాన్ని ఆ ధర్మానికి రాజకీయ రూపంగా గ్రహించాలి. రుద్రమను ‘స్త్రీ రాజు’గా వివేచిస్తూ సింథియా టాల్బట్ 1995లో ప్రకటించిన వ్యాసం కూడా ఆమె పురుషనామాన్ని రాజత్వభావనతో ముడిపెట్టి చూసింది.

పాలకురాలైన ప్రతి స్త్రీకీ పురుషనామం అనివార్యం కాదు. పొరుగున ఉన్న ఒడిశాలో భౌమకర వంశపు రాణులు సింహాసనమెక్కినప్పుడు పరమభట్టారిక, పరమేశ్వరి వంటి సామ్రాజ్య బిరుదాలను స్త్రీలింగంలోనే ధరించారు. దండిమహాదేవి శాసనాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడ బిరుదం స్త్రీకి తగినట్లు మారింది. ఓరుగల్లులో రాజపీఠానికి తగినట్లు పేరు మారింది. రెండూ పరిష్కారాలే. కాకతీయులు ఎన్నుకున్న పరిష్కారం భిన్నమైనది.

ఇక చందుపట్ల శాసనం. నల్లగొండ జిల్లాకు చెందిన ఈ శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లినట్లు చెప్పి, వారి పుణ్యార్థం పువ్వుల ముమ్మడి భూమిని దానం చేసినట్లు తెలుపుతుంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి కృషి వల్ల చరిత్రలో దీని ప్రాముఖ్యం స్థిరపడింది. రుద్రమ మరణకాల నిర్ణయానికి ఇదే ఆధారం. ఇందులో ఆమె పేరు రుద్రమదేవి. పరిపాలన సాగుతున్న కాలంలో అధికారిక వాక్యాల్లో ‘రుద్రదేవ మహారాజు’గా ఉన్న వ్యక్తి, ఒక సామాన్య సేవకుడు పుణ్యార్థం వేయించిన శాసనంలో ‘రుద్రమదేవి’ అయింది. రాజనామం పీఠానిది, రుద్రమ వ్యక్తిది. దేహం పోయినప్పుడు ప్రజలు తలచుకున్నది వ్యక్తి పేరునే.

7. శాసనవాక్యంలో లింగం

తెలుగు శాసనాలను చదివేవారు ‘రుద్రదేవ మహారాజు’ స్త్రీ అని గుర్తించలేకపోవడానికి పేరుతోపాటు వాక్యనిర్మాణం కూడా కారణం. ఇది వ్యాకరణానికి సంబంధించిన విషయమైనా చరిత్ర పరిశోధకులకు ఉపకరిస్తుంది.

తెలుగులో ఏకవచనంలో మహత్తు, అమహత్తు అనే విభాగముంది. పురుషవాచకాలు మహత్తులు. స్త్రీవాచకాలు ఏకవచన క్రియల విషయంలో అమహత్తులతో చేరతాయి. ‘వాడు వచ్చెను, ఆమె వచ్చెను’ అన్నచోట భేదం కనిపించకపోయినా, ‘వచ్చినాడు, వచ్చినది’ అన్నచోట తేలిపోతుంది. బహువచనంలో మాత్రం స్త్రీలు కూడా మహద్వాచకాల వలెనే ‘వారు’ అవుతారు. రాజులను గౌరవ బహువచనంలో పేర్కొనడం శాసనాల సంప్రదాయం. ‘మహారాజులు’ అన్నప్పుడు, ‘వారు’ అన్నప్పుడు, ‘గారు’ అన్నప్పుడు లింగభేదం మాయమవుతుంది.

దీనికితోడు, పాలకుని పేర్కొనే భాగం శాసనంలో సాధారణంగా ప్రధానవాక్యంగా ఉండదు. ఫలానావారు రాజ్యం చేయుచుండగా ఫలానావారు ఫలానా దానం చేశారు అన్న తీరులో అది ఉపవాక్యంగా ఉంటుంది. ‘చేయుచుండగా’ అన్న అసమాపక రూపానికి లింగవచనాలు లేవు. పేరు పురుషనామం, గౌరవ బహువచనం, అసమాపక క్రియ అనే మూడూ కలిసినప్పుడు పాలకుడు స్త్రీయో పురుషుడో తెలిపే చిహ్నం వాక్యంలో మిగలదు. విశేషణాలకు సైతం లింగం తప్పనిసరి అయిన సంస్కృతంలో ఈ సౌకర్యం తక్కువ. రుద్రమ స్త్రీత్వాన్ని స్పష్టంగా నమోదు చేసిన మల్కాపురం శాసనం సంస్కృత రచన కావడం ఈ సందర్భంలో స్మరణీయం.

దీనివల్ల తేలేదేమిటంటే, రుద్రమను పురుషునిగా చూపడానికి తెలుగు లేఖకులు ప్రత్యేక ప్రయత్నమేదీ చేయనక్కరలేదు. రాజులందరి విషయంలో రాసే వాక్యాన్నే ఆమె విషయంలోనూ రాస్తే చాలు. తెలుగు శాసనభాష రాజత్వాన్ని లింగరహితంగా చెప్పగల వాక్యాన్ని ముందే సిద్ధం చేసి ఉంచింది. రుద్రమ ఆ వాక్యంలో ఇమిడిపోయింది.

8. కుమార్తె భార్య అయిన తీరు

కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన తరువాత, శాసనజ్ఞానం మరుగున పడిన కాలంలో వెలువడిన ప్రతాపచరిత్రము వంటి గ్రంథాలు రుద్రమను గణపతిదేవుని భార్యగా చెప్పాయి. ఈ పొరపాటు చాలాకాలం ప్రచారంలో ఉండి, శాసనాలు వెలికివచ్చిన తరువాతనే తొలగింది.

విదేశీ సాక్ష్యం కూడా ఇదే మార్గంలో ఉంది. 13వ శతాబ్ది చివరి దశాబ్దంలో ఈ తీరాలను గురించి రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, మోటుపల్లిని ‘ముత్ఫిలి’ రాజ్యంగా వర్ణించాడు. అక్కడ మరణించిన రాజు భార్య పాలిస్తున్నదని, ఆమె న్యాయశీలి అని మెచ్చుకున్నాడు. ఆమె పేరు రాయలేదు. సముద్రతీరపు వర్తకుల నోట విన్న కథలోనూ కుమార్తె భార్య అయింది.

పరస్పర సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే తప్పు చేయడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. రాజు తరువాత స్త్రీ పాలిస్తున్నదంటే ఆమె రాజు భార్య అయి ఉండాలనే ఊహ ఆనాటి సమాజాలకు సహజం. మార్కోపోలో విషయంలో ఈ ఊహ ఒక్కటే కారణం కావచ్చు. తెలుగు గ్రంథకర్తల విషయంలో పేరు కూడా తోడ్పడి ఉంటుందని భావించవచ్చు. ‘దేవి’ అనే మాటకు పట్టమహిషి అనే ప్రసిద్ధార్థం ఉంది. ‘రుద్రదేవ మహారాజు’ అనే రాజనామం మరుగున పడి ‘రుద్రమదేవి’ అనే వ్యక్తినామం మాత్రమే లోకం నోట మిగిలినప్పుడు, ఆ ‘దేవి’ని రాజపత్ని అర్థంలో చదవడం సులభం. అధికారాన్ని స్వయంగా పొందినట్లు చెప్పే పేరు పోయి, అధికారాన్ని సంబంధం ద్వారా పొందినట్లు తోచే పేరు మిగిలింది. ఆచార్యా, ఆచార్యాని అనే భేదం ఇక్కడ చరిత్రలో తలకిందులైంది.

9. ఆధునిక ప్రయోగం

20వ శతాబ్దంలో ఆంధ్రోద్యమం, శాసనపరిశోధన కలిసి రుద్రమను మళ్లీ ప్రజల ముందుకు తెచ్చాయి. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ నవలలు ఈ పేరును పాఠకలోకానికి ఆత్మీయం చేశాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో రుద్రమ విగ్రహం ఉంది. 2015లో గుణశేఖర్ దర్శకత్వంలో ‘రుద్రమదేవి’ చలనచిత్రం వెలువడింది. పుట్టిన బిడ్డ ఆడపిల్ల అన్న సంగతి దాచి, రుద్రదేవుడనే రాకుమారునిగా పెంచారన్నది ఆ చిత్రకథకు మూలం. రెండు పేర్ల మధ్యగల వైరుధ్యాన్ని కథారచన ఇలా రహస్యంగా, మారువేషంగా వ్యాఖ్యానించింది. నాటకీయతకు అది అవసరం కావచ్చు. శాసనాల్లో కనిపించే స్థితి వేరని ఆరవ విభాగంలో చూశాం.

వ్యవహారంలో ఈ పేరు రెండు పాయలుగా ఉంది. ‘రుద్రమ్మ’ గ్రామీణ స్త్రీనామాల్లో ఒకటిగా, మల్లమ్మ, ఎల్లమ్మల సరసన, కాకతీయ స్మృతితో నిమిత్తం లేకుండా సాగుతున్నది. ‘రుద్రమ’, ‘రుద్రమదేవి’ అనేవి చరిత్ర పుస్తకాల ద్వారా విద్యావంతుల కుటుంబాల్లోకి తిరిగివచ్చిన రూపాలు. మొదటిది ఇలవేల్పును తలచి పెట్టినది, రెండవది వీరనారిని తలచి పెట్టినది. భాషాశాస్త్రరీత్యా ఒకటే అయిన పేరు, ఒక మకారం ఎక్కువ తక్కువలతో రెండు సామాజిక జీవితాలు గడుపుతున్నది.

ఈనాడు అత్యంత ప్రచారంలో ఉన్న రూపం ‘రాణి రుద్రమదేవి’. గౌరవంతో అన్నదే అయినా, ఇందులో ‘రాణి’, ‘దేవి’ రెండూ రాజపత్నిని కూడా చెప్పే మాటలే. ఆమె ధరించిన ‘మహారాజు’ అనే మాట ఈ ఆధునిక రూపంలో లేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘రుద్రమ’ సంస్కృత ప్రకృతికి తెలుగు బంధువాచకం చేరగా ఏర్పడిన స్త్రీనామం. సంస్కృత ‘రుద్రాణి’ వలె ఇది భార్యాత్వాన్ని సూచించదు.

2. తిక్కన మొదలైన పేర్లలోని ‘అన’కు ‘రుద్రమ’లోని ‘అమ’ స్త్రీలింగ ప్రతిరూపం. రుద్రాంబ, రుద్రమాంబ రూపభేదాలు శాసనభాషను, గౌరవాన్ని బట్టి ఏర్పడినవి.

3. కాకతీయ స్త్రీల పేర్లలో దేశీయ ప్రకృతుల స్థానంలో రాజవంశపు సంస్కృత ప్రకృతులు ప్రవేశించిన దశను గణపాంబ, రుద్రమ నామాలు సూచిస్తాయి.

4. ‘రుద్రదేవ మహారాజు’ మారువేషం కాదు, పీఠానికి చెందిన రాజనామం. మల్కాపురం, చందుపట్ల శాసనాలు ఆమె స్త్రీ అన్న సంగతి బహిరంగమేనని నిరూపిస్తాయి.

5. తెలుగు శాసనవాక్యంలోని గౌరవ బహువచనం, అసమాపక క్రియ పాలకుని లింగాన్ని సూచించవు. అందువల్ల పేరును మాత్రమే చూసి దాతల, పాలకుల లింగాన్ని నిర్ణయించడం ప్రమాదకరం.

చివరి అంశం ఒక్క రుద్రమకే పరిమితం కాదు. మధ్యయుగ తెలుగు శాసనాల సూచికల్లో వేలాది పేర్లున్నాయి. ప్రకృతి ఉమ్మడిగా ఉండి ప్రత్యయం లోపించిన ప్రతి పేరునూ పురుషుని ఖాతాలో వేయడం మన పరిశోధనలో అలవాటుగా మారింది. మల్కాపురం శాసనం దొరకకపోతే, ఓరుగల్లును పాతికేళ్లకు పైగా పాలించిన స్త్రీ సైతం ఆ ఖాతాలోనే మిగిలిపోయే అవకాశం ఉండేది. సింహాసనం గాని, దానిని గురించి చెప్పే రాజగురువు గాని లేని సామాన్య స్త్రీల దానాలు ఆ ఖాతాల్లో ఎన్ని కలిసిపోయాయో, శాసనాల్లోని వ్యక్తినామాలను ప్రకృతిప్రత్యయ విభాగంతో తిరిగి పరిశీలించినప్పుడే తేలుతుంది.